వెన్నునీటిలో ఒక ప్రొటీన్: మోటార్ న్యూరాన్ వ్యాధి గురించి అది ఏం చెబుతుంది, ఏం చెప్పదు

2023 మార్చి 22న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక నిపుణుల కమిటీని కూర్చోబెట్టి రెండు ప్రశ్నలు అడిగింది. మందు పేరు టోఫర్‌సెన్. మోటార్ న్యూరాన్ వ్యాధుల్లో ముఖ్యమైన ఏఎల్‌ఎస్‌కి, అందులోనూ ఎస్‌ఓడీ1 అనే జన్యువు చెడిపోవడం వల్ల వచ్చే రకానికి తయారైన మందు అది. ఈ మందు పనిచేసిందనడానికి గట్టి ఆధారం ఉందా అంటే ముగ్గురు ఉందన్నారు, ఐదుగురు లేదన్నారు, ఒకరు ఎటూ ఓటు వేయలేదు. మందు వాడిన వాళ్లలో న్యూరోఫిలమెంట్ అనే ప్రొటీన్ తగ్గింది కదా, దాన్నిబట్టి రోగికి మేలు జరుగుతుందని సహేతుకంగా అనుకోవచ్చా అంటే మాత్రం తొమ్మిది మందీ అనుకోవచ్చన్నారు. నెల దాటగానే, ఏప్రిల్ 25న, మందుకు అనుమతి వచ్చేసింది.

పనిచేసిందో లేదో తెలియని మందు మేలు చేస్తుందని అనుకోవడమేమిటి? పైకి తిరకాసుగా కనిపించే ఈ తీర్పు వెనక ఇరవై ముప్పై ఏళ్ల పరిశోధన ఉంది. అదంతా వెన్నునీటిలో, అంటే మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే తేటనీటిలో, ఏం కొలవాలి, కొలిచిన అంకెకు అర్థమేమిటి అన్న విషయం చుట్టూ తిరుగుతుంది. అప్పటి నుంచి "వెన్నునీటి పరీక్షతో ఏఎల్‌ఎస్ ఎంత ముదిరిందో ఇట్టే తెలిసిపోతుంది" అన్న మాట కూడా బాగానే తిరుగుతోంది. అది సగం కూడా నిజం కాదు.

జబ్బు ఒకటే, నడక మాత్రం ఎవరిది వాళ్లదే

మనం చేయి ఎత్తాలన్నా, ముద్ద మింగాలన్నా, ఊపిరి తీయాలన్నా మెదడు నుంచి వెన్నుపాముకి, అక్కడి నుంచి కండరానికి ఆజ్ఞ వెళ్లాలి. ఆ ఆజ్ఞను మోసే నాడీకణాలే మోటార్ న్యూరాన్లు. అవి ఒక్కొక్కటే చచ్చిపోతూ ఉంటే వాటి కింద ఉన్న కండరాలు సన్నబడి పనిచేయడం మానేస్తాయి. స్పర్శ పోదు, చూపు పోదు. చాలామందిలో కళ్లు కదిలించే కండరాలు చివరిదాకా మిగులుతాయి.

లక్షణాలు మొదలయ్యాక ఏఎల్‌ఎస్ రోగుల్లో ఎక్కువమంది రెండు నుంచి ఐదేళ్లు బతుకుతారని పుస్తకాలు చెబుతాయి. అదే పుస్తకాల్లో, పదిమందిలో ఒకరు పదేళ్లు దాటుతారని కూడా ఉంటుంది. స్టీఫెన్ హాకింగ్‌కి 1963లో, 21 ఏళ్ల వయసులో జబ్బు బయటపడింది. ఆయన 2018 దాకా ఉన్నారు. మన దగ్గరి సంగతి ఇంకాస్త చిక్కు. 1970లో మద్రాసు వైద్యులు వర్ణించిన "మద్రాస్ మోటార్ న్యూరాన్ డిసీజ్" ప్రధానంగా దక్షిణ భారతంలోనే కనిపిస్తుంది. చిన్న వయసులో మొదలై, చెవుడుతో కలిసి, ఏళ్ల తరబడి మెల్లగా సాగుతుంది. ఇరవై ఏళ్లలోపు కుర్రాళ్లలో ఒక చేయి సన్నబడి, కొన్నేళ్లకు దానంతటదే ఆగిపోయే హిరయామ వ్యాధి కూడా మన ఆసుపత్రుల్లో కనిపిస్తుంది. మొదటిరోజు చేయి సన్నబడిందని వచ్చిన మనిషి వీటిలో ఏ దారిన పోతాడో చూపుతో చెప్పడం కష్టం.

పన్నెండు ప్రశ్నల స్కోరు, అందులోని చిక్కు

జబ్బు ఎంతవరకు వచ్చిందో కొలవడానికి ప్రపంచమంతా వాడే కొలమానం ఏఎల్‌ఎస్‌ఎఫ్‌ఆర్‌ఎస్-ఆర్ అనే ప్రశ్నావళి. 12 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, మొత్తం 48. మాట స్పష్టంగా ఉందా, చొంగ కారుతోందా, మెట్లు ఎక్కగలరా, మంచం మీద పక్కకు తిరిగి దుప్పటి సర్దుకోగలరా, పడుకుంటే ఆయాసం వస్తోందా... ఇలాంటి ప్రశ్నలు. సగటున నెలకు ఒక మార్కు చొప్పున తగ్గుతుంది.

మంచి ప్రశ్నావళే, కానీ మొరటు కొలత. చొంగ తగ్గడానికి మాత్ర వేసుకుంటే జబ్బు అలాగే ఉన్నా ఒక మార్కు పెరగవచ్చు. తిండిని ముక్కలుగా కోసుకోగలరా, చెంచా వగైరా పట్టుకోగలరా అన్న ప్రశ్న చేత్తో అన్నం కలుపుకుని తినేవాళ్లకు సరిగ్గా అతకదు. అడిగే డాక్టరు దాన్ని సర్దుకోవాల్సిందే.

ఇద్దరు ఊహా రోగులను తీసుకుందాం. ఇద్దరి స్కోరూ 38, అంటే ఇద్దరూ పది మార్కులు పోగొట్టుకున్నారు. మొదటాయనకు లక్షణాలు మొదలై పది నెలలు. కాబట్టి నెలకు ఒక మార్కు. రెండో ఆమెకు నలభై నెలలు, అంటే నెలకు పావు మార్కు. ఈరోజు ఇద్దరూ చేయగల పనులు దాదాపు ఒకటే, వచ్చే ఏడాది మాత్రం ఒకేలా ఉండదు. ఇప్పుడు మొదటాయన్ని "ఎప్పటినుంచి?" అని మళ్లీ అడిగారు. "పది నెలలండీ... కాదు, అంతకు ముందే సంక్రాంతికి చెప్పు జారిపోతుంటే నేనే పట్టించుకోలేదు" అన్నాడు. అది ఐదు నెలల ముందుది అనుకుంటే లెక్క పదిహేను నెలలకు పది మార్కులు, అంటే నెలకు 0.67. మనిషి జ్ఞాపకం కాస్త అటూ ఇటూ అయితే జబ్బు వేగం మూడోవంతు తగ్గిపోయింది. మందుల ప్రయోగాల్లో రోగులను గుంపులుగా విడగొట్టేది సాధారణంగా ఇలాంటి లెక్కల మీదే. జ్ఞాపకం మీద ఆధారపడని కొలత కోసం శాస్త్రవేత్తలు ఎందుకు తహతహలాడారో దీన్నిబట్టి అర్థమవుతుంది.

సిజేరియన్‌లో మత్తు ఇచ్చే చోటే

మెదడు, వెన్నుపాము ఒక తేటనీటిలో మునిగి ఉంటాయి. పెద్దవాళ్లలో అది ఏ సమయంలోనైనా సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది. రోజుకు 500 మిల్లీలీటర్ల దాకా కొత్తగా ఊరుతుంది. అంటే రోజులో మూడుసార్లకు పైగా మొత్తం నీరు మారిపోతుందన్నమాట. నాడీకణాల్లో ఏది విరిగినా, ఏది కారినా ముందు చేరేది ఈ నీటిలోకే. అందుకే వెన్నునీరు నాడీ పరిశోధకులకు అంత విలువైనది.

దాన్ని తీయడం 1891లో జర్మనీలో హైన్రిక్ క్విన్‌కె వివరించిన పద్ధతి. నడుము దగ్గర రెండు పూసల మధ్య నుంచి సన్నని సూది పంపిస్తారు. "వెన్నులో సూది వేస్తే కాళ్లు పడిపోతాయి" అన్న భయం మన ఇళ్లలో ఇప్పటికీ ఉంది. వెన్నుపాము పైనెక్కడో, నడుము మొదటి రెండు పూసల దగ్గరే ముగిసిపోతుంది. సూది దిగేది దానికి కింద. సిజేరియన్‌కి మత్తు ఇచ్చేదీ ఆ ప్రాంతంలోనే. తర్వాత కొందరికి లేచి కూర్చుంటే తలనొప్పి వస్తుంది. మొనతో కోయకుండా పోగులను పక్కకు తప్పించే రకం సూదులు వాడితే అది బాగా తగ్గుతుంది.

తీసిన నీటిని ఎందులో పట్టారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. కొన్ని ప్రొటీన్లు సీసా గోడకు అంటుకుపోతాయి కాబట్టి పాలీప్రొపిలీన్ గొట్టాలనే వాడతారు. సూది దారిలో రక్తనాళం తగిలి నీరు ఎర్రబడితే రక్తంలోని ప్రొటీన్లు కలిసి అంకెలు పాడవుతాయి. న్యూరోఫిలమెంట్ ఈ విషయంలో కాస్త మొండిది, గడ్డకట్టించి కరిగించినా పెద్దగా చెక్కుచెదరదు. పరిశోధకులు దాన్ని ఇష్టపడడానికి అదీ ఒక కారణం.

న్యూరోఫిలమెంట్ కొలిచేది వేగాన్ని

మోటార్ న్యూరాన్‌కి ఆక్సాన్ అనే పొడవాటి తీగ ఉంటుంది. నడుములోని కణం నుంచి పాదం దాకా పోయేది మీటరు దాకా ఉండొచ్చు. అంత పొడవు నిలబడాలంటే లోపల పోగుల లాంటి చట్రం కావాలి. ఆ పోగులే న్యూరోఫిలమెంట్లు. లావుపాటి మోటార్ ఆక్సాన్లలో అవి దండిగా ఉంటాయి. ఆక్సాన్ విరిగితే అవి బయటికి ఒలికి వెన్నునీటిలోకి, అక్కడి నుంచి రక్తంలోకి చేరతాయి. ఇందులో తేలికైన గొలుసును ఎన్‌ఎఫ్‌ఎల్ అంటారు. ఫాస్ఫేట్ అతుక్కున్న బరువైన గొలుసు పీఎన్‌ఎఫ్‌హెచ్. ఏఎల్‌ఎస్ రోగుల వెన్నునీటిలో ఎన్‌ఎఫ్‌ఎల్ బాగా ఎక్కువగా ఉంటుందని స్వీడన్ పరిశోధకులు 1996లోనే చూపించారు.

తర్వాతి అధ్యయనాల్లో ఒక విచిత్రం బయటపడింది. ఎన్‌ఎఫ్‌ఎల్ ఎక్కువ ఉన్నవాళ్లలో జబ్బు వేగంగా సాగింది, ఆయుష్షు తగ్గింది. కానీ ఒకే మనిషిలో నెలనెలా కొలిస్తే, మొదట్లో పెరిగాక అది దాదాపు అక్కడే నిలబడిపోయింది. మనిషి నడక నుంచి చక్రాల కుర్చీకి వచ్చినా అంకె పెద్దగా మారలేదు.

కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. చిల్లు పడిన నీళ్ల ట్యాంకు అనుకోండి. ఎన్‌ఎఫ్‌ఎల్ ఆ చిల్లులోంచి కారుతున్న ధార. ధార లావును బట్టి ట్యాంకు ఎంత వేగంగా ఖాళీ అవుతోందో తెలుస్తుంది, లోపల ఇంకా ఎంత మిగిలిందో తెలియదు. మిగిలింది చెప్పేది పన్నెండు ప్రశ్నల స్కోరే. పైన చెప్పిన ఇద్దరి స్కోరూ 38 అయినా, నెలకు ఒక మార్కు పోగొట్టుకుంటున్న ఆయన ఎన్‌ఎఫ్‌ఎల్ ఆమెకన్నా ఎక్కువ ఉండే అవకాశం బలంగా ఉంది. ఆమె ఎన్‌ఎఫ్‌ఎల్ వచ్చే ఏడాది కూడా ఇంతే ఉంటే జబ్బు ఆగిందని కాదు, అదే వేగంతో సాగుతోందని అర్థం. కాబట్టి "ముదిరిందా" అన్న ప్రశ్నకు ఈ పరీక్ష దగ్గర జవాబు లేదు.

ఒకే అంకెను నాలుగు పనులకు వాడితే వచ్చే గందరగోళం

బయోమార్కర్ అన్న ఒక్క మాట కింద నాలుగు వేరువేరు పనులు దాక్కుని ఉంటాయి. ఈ జబ్బేనా అని తేల్చడం ఒకటి. ఎంత వేగంగా సాగుతుందో అంచనా వేయడం రెండోది. మందు చేరాల్సిన చోటికి చేరి చేయాల్సిన పని చేసిందో లేదో చూడడం మూడోది. మనిషి బాగుపడడానికి బదులుగా ఈ అంకెనే సాక్ష్యంగా తీసుకోవడం నాలుగోది. ఒక పనికి పనికొచ్చింది మరోదానికి పనికొస్తుందన్న గ్యారంటీ లేదు.

మొదటి పనిలో ఎన్‌ఎఫ్‌ఎల్‌కి పాస్ మార్కులే. పక్షవాతం వచ్చినా, తలకు దెబ్బ తగిలినా, మల్టిపుల్ స్క్లెరోసిస్, గులియన్ బారె సిండ్రోమ్ లాంటి వేరే నాడీ జబ్బుల్లోనూ అది పెరుగుతుంది. వయసుతో కూడా పెరుగుతుంది. ఆక్సాన్ ఎందుకు విరిగిందో దానికి తెలియదు. అందుకే ఏఎల్‌ఎస్ నిర్ధారణ ఇప్పటికీ డాక్టరు చేసే పరీక్ష, కండరాల్లోని విద్యుత్తును చూసే ఈఎంజీ, మిగతా జబ్బులు కావని తేల్చే ఎమ్మారై వగైరాల మీదే నడుస్తుంది. రెండో పనిలో మాత్రం దానికి సాటి వచ్చేది ప్రస్తుతానికి లేదు. అసలు తగువు మూడో, నాలుగో పనుల దగ్గర.

టోఫర్‌సెన్ ప్రయోగంలో ఏం జరిగింది

వాలర్ అనే ఆ ప్రయోగంలో 108 మంది చేరారు. 72 మందికి మందు, 36 మందికి ఉత్తి ద్రవం. వ్యవధి 28 వారాలు. ఫలితాలు 2022 సెప్టెంబరులో వెలువడ్డాయి. జబ్బు వేగంగా సాగే 60 మందిని ముఖ్యంగా చూడాలని ముందే అనుకున్నారు. వాళ్లలో వెన్నునీటిలోని ఎస్‌ఓడీ1 ప్రొటీన్ మందు తీసుకున్నవారికి 29 శాతం తగ్గింది, తీసుకోనివారికి 16 శాతం పెరిగింది. రక్తంలో ఎన్‌ఎఫ్‌ఎల్ ఇటు 60 శాతం తగ్గితే అటు 20 శాతం పెరిగింది. పన్నెండు ప్రశ్నల స్కోరులో మాత్రం రెండు గుంపుల మధ్య గణాంకాల పరంగా నిలబడే తేడా రాలేదు. ప్రయోగం పెట్టుకున్న అసలు లక్ష్యం ఆ స్కోరే. లెక్క ప్రకారం ప్రయోగం విఫలం.

మందును సమర్థించేవాళ్ల వాదన ఇది: ధార తగ్గిన వెంటనే ట్యాంకులో తేడా కనపడదు, దానికి టైమ్ కావాలి. ఎస్‌ఓడీ1 తగ్గడమంటే మందు తన పని చేసింది. ఎన్‌ఎఫ్‌ఎల్ తగ్గడమంటే ఆక్సాన్లు విరగడం నెమ్మదించింది. 28 వారాలు చాలలేదు, అంతే. తర్వాత అందరికీ మందు ఇచ్చి 52 వారాల దగ్గర చూస్తే, మొదటి నుంచి తీసుకున్నవాళ్లు ఆరు మార్కులు, ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లు తొమ్మిదిన్నర మార్కులు పోగొట్టుకున్నారు.

అనుమానించేవాళ్ల మాటలోనూ పస ఉంది. రెండో దశలో అందరికీ తాము మందు తీసుకుంటున్నామని తెలుసు. మార్కులు ఇచ్చేది ప్రశ్నలకు జవాబులను బట్టి కాబట్టి ఆశ కూడా మార్కుల్లో కలిసిపోవచ్చు. పైగా మందు గుంపులో మొదటిరోజే ఎన్‌ఎఫ్‌ఎల్ కొంత ఎక్కువ, అంటే రెండు గుంపులూ సరిసమానంగా మొదలవలేదు. దీన్ని మందు పక్షం కూడా వాడుకుంటుంది: వేగంగా క్షీణించాల్సిన గుంపు మిగతావాళ్లతో సమానంగా నిలబడిందంటే అది మందు వల్లే కదా అని. ఒకే వాస్తవం రెండు వైపులా పనికొస్తుంటే దాని మీద ఎక్కువ బరువు పెట్టకపోవడమే మేలని నాకనిపిస్తుంది.

కమిటీ ఓట్లు రెండూ ఈ వెలుగులో చూస్తే పొసగుతాయి. స్కోరులో రుజువు దొరకలేదని ఒక ఓటు, ధార తగ్గడం శుభసూచనే అని మరో ఓటు. ఎఫ్‌డీఏ ఇచ్చింది వేగవంతపు అనుమతి. అంటే సూచన చూసి తలుపు తీయడం, రుజువు తర్వాత చూపించమనడం. యూరప్ 2024లో ప్రత్యేక పరిస్థితుల కింద అనుమతించింది.

అంకె దిగినా మనిషి తేరుకోని సందర్భాలు

సీ9ఓఆర్‌ఎఫ్72 అనే జన్యువులో లోపం వల్ల వచ్చే ఏఎల్‌ఎస్‌లో పాలీ జీపీ అనే అసహజ ప్రొటీన్ వెన్నునీటిలో కనిపిస్తుంది. బీఐఐబీ078 అనే మందు దాన్ని తగ్గించింది. పరిశోధకులకు అంతకన్నా మంచి కబురేముంటుంది? కానీ రోగులకు ఏ మేలూ జరగలేదు. 2022లో ప్రయోగం ఆపేశారు. డబ్ల్యూవీఈ-004 అనే మరో మందుదీ ఇదే కథ, 2023లో ముగిసింది. మందు గురి తగిలింది, గురే తప్పు. మూడో పనిలో నెగ్గిన మార్కర్ నాలుగో పనిలో ఓడిపోవడమంటే ఇదే.

తలకిందులుగా కూడా జరగొచ్చు. ఊపిరి కండరాలు బలహీనపడినవారికి రాత్రిపూట పెట్టే బైపాప్ యంత్రం చాలామందికి ఆయుష్షు పెంచుతుంది. అది ఏ న్యూరాన్‌నీ కాపాడదు కాబట్టి ఎన్‌ఎఫ్‌ఎల్ తగ్గాలని ఆశించడానికి ఆధారమే లేదు. ఎన్‌ఎఫ్‌ఎల్ కదలలేదని బైపాప్ దండగ అనలేం కదా.

రక్తం చాలదా, వెన్ను దాకా ఎందుకు?

ఎన్‌ఎఫ్‌ఎల్ వరకు అయితే చాలావరకు చాలు. రక్తంలో అది చాలా పలచగా ఉంటుంది కాబట్టి ఒకప్పుడు పాత పద్ధతులకు అందేది కాదు. సిమోవా లాంటి అతిసున్నితమైన పద్ధతులు వచ్చాక అందింది. రక్తం అంకె, వెన్నునీటి అంకె ఏఎల్‌ఎస్‌లో బాగానే కలిసి నడుస్తాయి. అయితే ఒక ల్యాబ్ అంకెను మరో ల్యాబ్ అంకెతో నేరుగా పోల్చడం కుదరదు. రక్తంలో అయితే కిడ్నీల పనితీరు, ఒంటి బరువు కూడా అంకెను అటూ ఇటూ చేస్తాయి.

వెన్నునీటి అవసరం మిగతా వాటి కోసం. ఎస్‌ఓడీ1, పాలీ జీపీ లాంటివి అక్కడే సరిగ్గా దొరుకుతాయి. టోఫర్‌సెన్ ఇచ్చే పద్ధతి వల్ల ఇందులో ఒక సౌకర్యం ఉంది. ఆ మందు వెన్నులోకే ఎక్కించాలి. ముందు సుమారు 10 మిల్లీలీటర్ల నీరు తీసి, 15 మిల్లీలీటర్ల మందును ఒకటి నుంచి మూడు నిమిషాల్లో పంపిస్తారు. మొదటి మూడు మోతాదులు రెండేసి వారాల తేడాతో, తర్వాత 28 రోజులకొకసారి. ప్రతిసారీ తీసిన నీరు పరీక్షకు చేతిలో ఉన్నట్టే. ఆ నీటిలో తెల్లకణాలు పెరగడం, కొద్దిమందిలో వెన్నుపాము వాపు రావడం లాంటి దుష్ఫలితాలను కనిపెట్టడానికీ అదే పనికొస్తుంది.

వాపుకి సంబంధించిన కైటోట్రయోసిడేస్ అనే ఎంజైమ్‌ను కూడా కొన్నేళ్లుగా కొలుస్తున్నారు. ఏఎల్‌ఎస్ వెన్నునీటిలో అది పెరుగుతుంది. మన దగ్గర దీనికో పెద్ద అడ్డంకి ఉంది. కొందరిలో పుట్టుకతోనే ఈ ఎంజైమ్ తయారు కాదు, దానివల్ల వాళ్లకు ఇబ్బందేమీ ఉండదు. యూరప్ జనాభాలో అలాంటివాళ్లు సుమారు 6 శాతం. ఆసియా జనాభాల్లో అంతకన్నా బాగా ఎక్కువ. వాళ్లలో జబ్బు ఎంత ఉధృతంగా ఉన్నా ఈ అంకె సున్నా దగ్గరే ఉంటుంది. యూరప్‌లో గీసిన గీతలను హైదరాబాదులోనో చెన్నైలోనో అలాగే వాడేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

మిగిలిన తొంభై ఏడు శాతం

ఎస్‌ఓడీ1 లోపం ఉన్నవాళ్లు మొత్తం ఏఎల్‌ఎస్ రోగుల్లో సుమారు 2 శాతం. దాదాపు 97 శాతం మందిలో కనిపించేది టీడీపీ-43 అనే ప్రొటీన్ తన చోటు వదిలి ముద్దకట్టడం. 2006లో బయటపడిన సంగతి ఇది. కణకేంద్రకంలో ఉండాల్సిన ఆ ప్రొటీన్ లేకపోతే, జన్యు సందేశంలో కత్తిరించి పారేయాల్సిన ముక్కలు అలాగే ఉండిపోతాయి. వాటి నుంచి పుట్టే చెత్త ప్రొటీన్లలో ఒకదాన్ని, హెచ్‌డీజీఎఫ్‌ఎల్2కి సంబంధించినదాన్ని, వెన్నునీటిలో పట్టుకోగలిగామని 2024లో పరిశోధకులు ప్రకటించారు. ఇది ఎన్‌ఎఫ్‌ఎల్‌లా ఏదో విరిగిందని మాత్రమే చెప్పదు, ఎందువల్ల విరుగుతోందో కూడా సూచిస్తుంది. రోజువారీ వైద్యంలోకి రావడానికి ఇంకా చాలా దూరం ఉంది.

ఇక టోఫర్‌సెన్‌కి కావాల్సిన రుజువు అట్లాస్ అనే మరో ప్రయోగం నుంచి రావాలి. అందులో చేరేవాళ్లకు ఎస్‌ఓడీ1 లోపం ఉంది గానీ జబ్బు లక్షణాలేవీ లేవు. కుటుంబంలో జబ్బు ఉండి, జన్యులోపం ఉన్న ఆరోగ్యవంతుల మీద అమెరికాలో ఏళ్ల తరబడి సాగిన ప్రీ-ఫాల్స్ అధ్యయనం ఒక సంగతి చూపించింది: వేగంగా సాగే కొన్ని ఎస్‌ఓడీ1 రకాల్లో కాళ్లూ చేతులూ బలహీనపడడానికి కొన్ని నెలల నుంచి ఏడాది ముందే ఎన్‌ఎఫ్‌ఎల్ పెరగడం మొదలవుతుంది. అట్లాస్ దాన్నే ఆధారం చేసుకుంది. రక్తంలో ఎన్‌ఎఫ్‌ఎల్‌ను పదేపదే కొలుస్తారు. అది ముందే అనుకున్న గీత దాటిన వ్యక్తికి చీటీ వేసినట్టు మందో ఉత్తి ద్రవమో మొదలుపెడతారు. ఆ తర్వాత చూసేది అంకెను కాదు, ఆ మనిషికి జబ్బు లక్షణాలు వచ్చాయా, ఎప్పుడు వచ్చాయి అన్నది.